అనంత్ స్విచ్‌లు, నా కుంకుమ

అనంత్‌ని ఎవరు ఏమడిగినా మొదట వచ్చే మాట "ఏం కాదు". మంచు మీద జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్ననాడూ అదే మాట, తనకు రావలసిన ప్రమోషన్ ఇంకొకడు ఎగరేసుకుపోయిననాడూ అదే మాట. జగిత్యాల నుంచి కెనడాలోని ఈ సస్కటూన్ వచ్చి పద్నాలుగేళ్ళయినా అతను గొంతు పెంచగా నేను వినలేదు. నోట్లో నాలుక లేని మనుషులంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మా ఆయన త్యాగరాజు గారు యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉన్న రోజుల్లో ఆయన సీడ్ ల్యాబ్‌లో అనంత్ టెక్నీషియన్‌గా చేరాడు. ఈయన రిటైరైపోయి టీవీ ముందు కూర్చున్నారు, అతను ఇంకా అదే ల్యాబ్‌లో ఉన్నాడు. ఇల్లు మా వీధిలోనే, మూడిళ్ళ అవతల.

ల్యాబ్‌లో అతని పని గింజలు లెక్కపెట్టడం. వెయ్యి బఠాణీలు ఎంత తూగాయి, నూరు మసూరు గింజల్లో ఎన్ని మొలకెత్తాయి, ట్వీజర్లతో ఒక్కొక్కటే తీసి చూసి రాయాలి. అంత ఓపిక నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

భార్య నిఖిల అతనికి పూర్తిగా ఎదురు. కోదాడ పిల్ల, బ్యాంకు కౌంటర్‌లో పనిచేసేది. తెలుగు అసోసియేషన్ వాళ్ళు మైకు ఆమె చేతికిస్తే తిరిగి తీసుకోవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. నన్ను నోరారా ఆంటీ అని పిలుస్తూనే, నా పులిహోరలో పులుపు ఎక్కువైందని నలుగురిలో అనేసేది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవి, వినడం అతని వంతు. ఇద్దరికీ అదే బాగుండేది.

కీబోర్డుల పిచ్చి అతనికి కోవిడ్ చలికాలంలో పట్టింది. కీబోర్డులో ఒక్కో కీ కింద ఒక్కో స్విచ్ ఉంటుందట. విప్పితే నాలుగు ముక్కలు: పైన మూత, కింద డబ్బా, మధ్యలో పైకీ కిందికీ ఆడే కాడ, దాని కింద స్ప్రింగు. మామూలు మనుషులు దుకాణంలో ఒక కీబోర్డు కొనుక్కుని ఊరుకుంటారు. అనంత్ లాంటివాళ్ళు ఒకదాని మూత, ఇంకొకదాని డబ్బా, మూడోదాని కాడ, నాలుగోదాని స్ప్రింగు కలిపి, సన్నటి బ్రష్‌తో గ్రీజు రాసి, ఏ కంపెనీ దగ్గరా దొరకని స్విచ్ ఒకటి తయారు చేసుకుంటారు. ఏం ఒరుగుతుందయ్యా అంటే నొక్కితే మెత్తగా ఉంటుందనేవాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని నేనన్నాను. నిఖిల అయితే, నాలుగు కీబోర్డులను చంపి ఒకదాన్ని పుట్టిస్తున్నాడనీ, తీరా దాంట్లో టైప్ చేసేది కరెంటు బిల్లు నంబరేననీ ఊరంతా చెప్పుకుని నవ్వేది. అతనూ నవ్వేవాడు.

మూడేళ్ళ కిందట నిఖిల మాట ముద్దగా రావడం మొదలైంది. పళ్ళ డాక్టరు చూశాడు, గొంతు డాక్టరు చూశాడు, ఆఖరికి నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పింది. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు, నయం చేసే మందు లేదు. ఆమెకు ముందు నోరు, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఏడాది తిరిగేలోపు మాట పూర్తిగా పోయింది. ఊరికి సరిపడా మాట్లాడే పిల్లకి ముందు నోరే తీసేసుకోవడం ఏం న్యాయమని దేవుడి పటం ముందు నిలబడి గట్టిగానే అడిగాను.

అప్పుడు అనంత్ కీబోర్డు పనికొచ్చింది. నిఖిల ఒళ్ళో పెట్టుకుని టైప్ చేస్తే ల్యాప్‌టాప్ చదివి వినిపించేది, తెలుగైతే తెలుగులో. ఆ గొంతు ఎవరిదో న్యూస్ చదివే అమ్మాయి గొంతులా ఉండేది. అయినా మాట మాత్రం నిఖిలదే. ఒకరోజు నేను వెళ్ళగానే ఆ గొంతు, "ఆంటీ, ఇప్పుడు నా మాటలకి స్విచ్ ఉంది, అంకుల్ మీకెప్పుడు పెట్టిస్తారు?" అంది. నవ్వలేక చచ్చాను.

తర్వాత వేళ్ళు తగ్గడం మొదలైంది. ఆ జబ్బులో బొటనవేలు, చూపుడువేలు ముందు పోతాయట, చిటికెనవేలు కాస్త ఆలస్యంగా పోతుంది. మామూలు స్విచ్ దిగాలంటే నలభై అయిదు గ్రాముల బరువు పడాలి. అనంత్ దాన్ని ముప్పై అయిదుకి దించాడు, తర్వాత ముప్పై, తర్వాత ఇరవై అయిదు. ఒక్కో వేలికి ఒక్కో స్ప్రింగు. కీ మీద చిన్న ప్లాస్టిక్ గిన్నె పెట్టి ల్యాబ్‌లోలాగే బఠాణీలు వేస్తూ పోయేవాడు, ఎన్నో గింజకి కీ దిగిందో చూసి స్విచ్ అడుగున రాసుకునేవాడు. రెండొందల గింజల నుంచి తొంభైకి వచ్చాడు. తొంభై అంటే ఇరవై గ్రాములు.

స్ప్రింగు మెత్తబడే కొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. నొక్కిన కాడ మళ్ళీ పైకి లేవాలి కదా. స్ప్రింగులో సత్తువ లేకపోతే ఏ కాస్త గరుకు తగిలినా కాడ కిందే ఉండిపోతుంది. నలభై రకాల కాడలు, డబ్బాలు కలిపి చూశాడు. ఆఖరికి ఒక పాత రకం పసుపురంగు కాడ, ఇంకో కంపెనీ తెల్ల డబ్బాలో పడితే ఇరవై గ్రాములకీ లేచింది. ఆ కాడలు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి అరవై అయిదు సంపాదించాడు. అరవై ఒకటి కీబోర్డుకి, నాలుగు మిగులు. ఆ పనికి పది నెలలు పట్టింది. ఆ పది నెలల్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో కూడా అతనికి తెలిసేది కాదు, నేనే వెళ్ళి స్టవ్ ఆపేదాన్ని.

పోయినేడు సెప్టెంబరులో డాక్టరు అసలు ప్రశ్న అడిగింది. ఊపిరి ఆడనప్పుడు గొంతుకి చిల్లు పెట్టి ట్యూబ్ వేసి మెషిన్ మీద ఉంచాలా, వద్దా? తొందరేమీ లేదుగానీ ముందే అనుకుని ఉంచుకోమంది. అనంత్‌కి ట్యూబ్ వేయించాలని ఉంది, మొహం చూస్తేనే తెలుస్తోంది, నోటితో మాత్రం అనడు. నిఖిల అవుననీ కాదనీ అనలేదు. ఉత్తరం రాస్తాననీ, ఏమిటో ఎందుకో అన్నీ అందులో ఉంటాయనీ, రాయడం అయిందని తను చెప్పేదాకా ఎవరూ తెరిచి చూడకూడదనీ టైప్ చేసింది. రోజుకి రెండు మూడు వాక్యాలు పడేవి. కంటిచూపుతో టైప్ చేసే మెషిన్ కోసం ఆసుపత్రిలో పేరు రాయించారు, వంతు జనవరిలో వస్తుందన్నారు. ఈలోగా ఉన్నది ఆ కీబోర్డు ఒక్కటే.

ఇక నా సంగతికి వస్తాను. చెప్పకుండా దాటేద్దామని చాలా అనుకున్నాను.

హోమ్ కేర్ మనిషి రాని రోజుల్లో పగలు నేను నిఖిల దగ్గర కూర్చునేదాన్ని. మహర్నవమి అలాంటి రోజే పడింది. కోతలు అయిపోయి ల్యాబ్‌కి శాంపిల్స్ గుట్టలుగా వస్తున్న రోజులు, అనంత్‌కి సెలవు లేదు. ఆయుధపూజ రోజు మా ఇంట్లో కత్తిపీట నుంచి కారు దాకా బొట్టు లేకుండా ఏదీ ఉండదు. త్యాగరాజు గారి ల్యాప్‌టాప్‌కి పదేళ్ళుగా పెడుతున్నాను, దానికి ఏనాడూ ఏం కాలేదు. ఈ పిల్లకి ఆ కీబోర్డును మించిన ఆయుధం ఏముంది, దానికి పూజ లేకపోతే ఎలా అనుకున్నాను. గంధం, పసుపు, కుంకుమ, అక్షింతలు, పూలు అన్నీ సర్దుకుని పోయాను.

నేను వెళ్ళేసరికి నిఖిల టైప్ చేస్తోంది. గదిలో పీట వేసి అమ్మవారి పటం పెట్టి, అన్నీ అమర్చి, ఒక్క అయిదు నిమిషాలమ్మా అంటూ ఆమె చేతుల కింది నుంచి కీబోర్డు తీసుకున్నాను.

ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. పూజ చూసి సంబరపడుతోంది పాపం అనుకున్నాను. ఎవరైనా ఏమనుకుంటారు? వద్దు అని చెప్పాలంటే ఆమెకున్నది ఆ కీబోర్డే. అది నా చేతుల్లో ఉంది.

ఒక్కో కీ మీద తడిగంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దాను. అరవై ఒకటికీ పెట్టాను, ఒక్కటీ వదల్లేదు. పువ్వుతో నీళ్ళు చల్లి, పసుపూ అక్షింతలూ వేశాను. అంతసేపూ ఆ శబ్దం వస్తూనే ఉంది. హారతి కళ్ళకద్దడానికి దగ్గరికి వెళితే బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. గాబరాపడి తడిగుడ్డ తెచ్చి తుడవడం మొదలెట్టాను. పైపైన తుడిచినా పోయేదేమో. సందుల్లో ఎర్రగా కనబడుతుంటే ఒక్కో కీని నొక్కి నొక్కి మరీ తుడిచాను. లోపల గ్రీజు, దానికంటిన కుంకుమ, పైనుంచి నా చెయ్యి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఆ ఆకులతో ఇంకాస్త కాల్చాను.

అయిదింటికి అనంత్ వచ్చాడు. నేను చెప్పింది విని, బూట్లయినా విప్పకుండా కింద కూర్చుని ఒక కీ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నొక్కాడు. ఇసుక నలిగినట్టు నాకే వినిపించింది. కీ దిగింది, లేవలేదు. వేలితో గోకి లేపాడు.

"ఏం కాదు ఆంటీ," అన్నాడు. "కడుగుదాం."

నన్ను తిట్టు నాయనా అని అరవాలనిపించింది. తిట్టి ఉంటే నా పాపం సగం అక్కడే పోయేది. అతనికి ఆ విద్య రాదు.

ఆ రాత్రే అన్నీ విప్పి కడిగాడు. కుంకుమ పోయిందిగానీ నా తుడుపుకి కాడల మీద గీతలు పడ్డాయి. మామూలు స్ప్రింగుకి ఆ గీతలు ఒక లెక్కలోవి కావు, ఇరవై గ్రాములకి మాత్రం కాడ లేవదు. మిగిలిన నాలుగు మంచి కాడలతో అవును, కాదు, నొప్పి, రా అని నాలుగు కీలు చేసి ఇచ్చాడు. పాత కాడల కోసం కనబడిన ప్రతివాడికీ రాశాడు. మాంట్రియల్‌లో ఎవరో కుర్రాడు, ముక్కూ మొహం తెలియనివాడు, తన కీబోర్డు విప్పేసి డెబ్భై కాడలు పంపాడు. అవి చేరి, మళ్ళీ ఒక్కొక్కటీ గ్రీజు రాసి, బఠాణీలు వేసి, కూర్చేసరికి పూజ నుంచి పంతొమ్మిది రోజులయ్యాయి.

ఆ పంతొమ్మిది రోజులూ వేళ్ళు ఆగుతాయా? కొత్త కీబోర్డు ఒళ్ళో పెట్టిన రోజు నేనూ ఉన్నాను. ల్యాప్‌టాప్ "అఅఅఅఅ" అని చదవడం మొదలెట్టింది, ఆగలేదు. నిఖిల నొక్కడం లేదు, ఎడమ చిటికెనవేలు ఆ కీ మీద ఉందంతే. ఎత్తలేకపోతోంది. అంతకు ముందు వేలు ఎత్తి దించేది, ఆ దించడమే నొక్కడం. ఎత్తడమే పోయాక వేలి బరువుకే కీ దిగిపోతోంది. అనంత్ గట్టి స్ప్రింగు వేస్తే కీ దిగలేదు. మెత్తటిది వేస్తే లేవలేదు. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై మూడు, వారం రోజులు మార్చాడు. వేలు ఊరికే ఆనడానికీ, కావాలని నొక్కడానికీ మధ్య ఒక్క మసూరు గింజ తేడా అయినా దొరికితే పట్టుకుంటానన్నాడు. ఆ తేడా మిగల్లేదు.

వర్ణమాల చదువుతూ సరైన అక్షరం దగ్గర కన్నార్పమనే పద్ధతి కూడా చూశాం. ఒక్క మాటకి పావుగంట పట్టేది, రెండో మాటకి అలిసిపోయి కళ్ళు మూసేసేది.

నవంబరు ఆఖరున ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు మంచం పక్కన కూర్చుని ట్యూబ్ వేయమంటావా అని అడిగింది. కళ్ళు పైకెత్తితే అవును, మూస్తే కాదు. నిఖిల కళ్ళు మూసింది. రెండోసారి అడిగినా, మూడోసారి అడిగినా అంతే. డాక్టరు బయటికి వెళ్ళాక అనంత్ ఆమె చెయ్యి పట్టుకుని ఎందుకు నిఖిలా, ఎందుకు అని అడుగుతూనే ఉన్నాడు. దానికి అవునూ కాదూ జవాబులు కావు కదా. అతని మొహంలోకే చూస్తూ ఉంది. తొమ్మిది రోజులకు పోయింది.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అనంత్ ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికొచ్చాడు. ఉత్తరం తెరిచానన్నాడు. అయిందని ఆమె చెప్పలేదుగానీ, ఇక చెప్పేవాళ్ళు లేరుగా. సగం పేజీ ఉంది. స్టవ్ ఆపలేదని అనంత్ మీద నేను ఎన్నిసార్లు అరిచానో ఉంది, స్విచ్ అడుగున అతను రాసుకునే అంకెలన్నీ తనకి తెలుసని ఉంది. ఆఖరి వాక్యాలు నాకు కంఠతా వచ్చు: "ట్యూబ్ వద్దనుకున్నాను. నీకు భారమవుతాననుకుని వద్దన్నానని నువ్వు జీవితమంతా అనుకుంటావు, నాకు తెలుసు. అది కాదు అనంత్. ఎందుకంటే"

అంతే. దాని తర్వాత చుక్క కూడా లేదు.

"ఆఖరి మాట టైప్ చేసిన టైం చూసిన ఆంటీ," అన్నాడు. "నవమి రోజు, పదకొండు పది. మీరు పూజకు తీసుకున్నది అప్పుడే గదా?"

అవునన్నాను.

"తీసుకునేటప్పుడు తనేమన్న అన్నదా? కోపం చేసిందా?"

అరవై మూడేళ్ళు వచ్చాయి నాకు. ఎవరి మొహం మీదైనా ఉన్నదున్నట్టు అనేస్తానని ఇంటా బయటా పేరు. ఆ శబ్దం చెవుల్లో ఉంది, అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

"నవ్విందయ్యా," అన్నాను. "పూజ చూసి నవ్వింది."

అతను తలూపాడు. చాలాసేపు తలూపుతూనే ఉన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయాడు.

ఈ ఏడాదిలో అనంత్ ఆ స్విచ్‌లన్నీ విప్పేశాడు. మూతలు మూతల్లో, డబ్బాలు డబ్బాల్లో, స్ప్రింగులు బరువుల వారీగా సీసాల్లో వేశాడు. కాడలు మాంట్రియల్ కుర్రాడికి తిప్పి పంపాడు. పొద్దున ల్యాబ్‌కి పోతాడు, గింజలు లెక్కపెడతాడు, వస్తాడు. ఆ "ఎందుకంటే" గురించి నెలకో రెండు నెలలకో నన్ను అడుగుతాడు, ఏమై ఉంటుందాంటీ అని. నొప్పి భరించలేకనేమో అంటాను, మెషిన్ బతుకు ఇష్టం లేకనేమో అంటాను. దేనికీ ఒప్పుకోడు. భారమవుతానని కాక ఇంకేముంటుంది, అదే అయి ఉంటుంది, కాదని అబద్ధం రాయడానికే తనకి మనసొప్పక ఆగిపోయిందేమో అంటాడు. అలా కాదయ్యా, నేను లాక్కున్నాను కాబట్టి ఆగిపోయింది అని ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది. ఆ మాట అంటే ఆ శబ్దం సంగతీ చెప్పాలి. నోట్లో నాలుక లేనిది ఎవరికో ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న సంవత్సరీకం పెట్టాడు. నలుగురు స్నేహితులు, వాళ్ళ ఆడవాళ్ళు, మేమిద్దరం. వంట నాదే. భోజనాల దగ్గర ఎవరో నిఖిల చివరి రోజుల మాట ఎత్తారు. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆ పూట మాట్లాడాడు.

"చివరికి చాన కష్టపడ్డది," అన్నాడు. "కానీ దసరా రోజు ఆంటీ కీబోర్డుకు పూజ చేస్తుంటే నవ్విందట. నేను లేను ఆ టైంల. ఆంటీ చూసిన్రు."

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో గారెల పళ్ళెం ఉంది. అనంత్ విస్తరి ముందు వంగి, ఇంకొకటి వేయనా నాయనా అని అడిగాను.